ఓడ కదలని పూట

సంచీలో బూట్లు అడుగున పెట్టాలా పైన పెట్టాలా అన్న దగ్గర అక్కాచెల్లెళ్ళకి తేడా వచ్చింది.

"బరువువి అడుగునే," అంది అక్క.

"ఓడ ఎక్కగానే వేసుకోవాల్సినవి అడుగున పెడితే మొత్తం తోడుకోవద్దూ?"

"నువ్వు వెళ్ళి నీ కంప్యూటర్లు సర్దుకోవే. సంచీ సంగతి నేను చూసుకుంటా."

పోయిన వారం మనం అక్కని తెరిచిన అల్మారా ముందు నిలబెట్టి వచ్చేశాం. ఓడ ఆసుపత్రిలో నర్సుగా పద్నాలుగు నెలలు పనిచేస్తానని ఆమె సంతకం పెట్టేసింది. రేవు రేవుకీ ఆగుతూ, డాక్టరు లేని ఊళ్ళలో వైద్యం చేసుకుంటూ పోయే ఓడ అది. ఆ కబురు చెల్లెలికి నోటితో చెప్పింది. కన్నకూతురికి మటుకు రెండు ముక్కల ఉత్తరం రాసి ఊరుకుంది. ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ కూతురు తల్లితో మాట్లాడి ఏడాది దాటింది. ఉత్తరానికి జవాబు రాలేదు. ఇప్పుడు మంగళవారం తెల్లవారింది. ఓడ పదకొండు గంటలకి.

చెల్లెలు మంచం చివర కూర్చుని తెల్ల యూనిఫారాలు మడత పెడుతోంది. ఆమె మడిచిన ప్రతిదాన్నీ అక్క విప్పి మళ్ళీ మడుస్తోంది. చెల్లెలికి కోపం రాలేదు. మడతలు ఎంత ఆలస్యమైతే సంచీ అంత ఆలస్యంగా నిండుతుంది కదా అని లోలోపల ఒక పిచ్చి ఆశ.

"ఓడలో ఇస్త్రీపెట్టె ఉండదా ఏం?"

"ఉంటుంది. నీలాంటిది ఎవతో బాగుచేస్తానని దాన్ని విప్పదీసి ఉంటుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక గది మరీ బోసిగా అనిపించింది.

"పిట్ట ఏమైనా..."

"లేదు."

"పోనీ నేను చెయ్యనా ఫోను?"

"వద్దు. బతిమాలి రప్పించుకుంటే అది వచ్చినట్టా?" అక్క తువ్వాలు చుట్టి సంచీ మూలకి కుక్కింది. "అయినా దాని ఊరి నుంచి ఉన్న మొదటి బస్సు ఎనిమిదిన్నరకి. ఇక్కడికి చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. అప్పటికి నేనెక్కడుంటాను?"

బావ పోయిన రోజున అక్క డ్యూటీలో ఉంది. ఒక బాలింతకి రక్తం ఆగడం లేదు. ఇంటి నుంచి రెండుసార్లు కబురొచ్చినా ఆ మంచం వదిలి రాలేకపోయింది. బాలింత బతికింది. అక్క ఇంటికొచ్చేసరికి బావ చెయ్యి చల్లబడి ఉంది. "ఊరందరి నాడీ చూశావు, నాన్నది చూడ్డానికే నీకు తీరిక లేకపోయింది," అంది పిట్ట. తల్లీకూతుళ్ళ మధ్య ఆఖరి మాట అదే. అక్క దానికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేక కాదు, చెప్పబోతే ఏడుపొస్తుందని.

ఏడు కావస్తుండగా చెల్లెలి ఫోను మోగింది. అవతల కేబుల్ బాబాయ్. రేవు ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా తీగలు లాగుతున్న మనిషి. కొంప అంటుకున్నా హడావిడి పడని ఆయన గొంతు ఇవాళ వణుకుతోంది.

"సర్వరమ్మా, నువ్వు సెలవులో ఉన్నావని తెలుసు. అయినా ఒక్కసారి రావాలి. గేట్లు పలకడం లేదు."

"ఏ గేట్లు?"

"అన్ని గేట్లూ. మనిషి కార్డు పెడుతున్నాడు, అది గుడ్లప్పగించి చూస్తోంది."

ఆమె నోట్లో తడారిపోయింది. ఎందుకు ఆరిపోయిందో ఆ క్షణంలో ఆమెకొక్కదానికే తెలుసు.

*

రేవు ఆఫీసులో సర్వర్ల గదిని చూసుకునే ఆవిడని అందరూ సర్వరమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒకోసారి పలకదు. ఆ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: ఓడ బయల్దేరే ముందు రెండు రోజులు ఏ మెషీన్నీ ముట్టుకోరాదు. రాసింది ఆమే. ఆఫీసరు చేత సంతకం పెట్టించి అంటించిందీ ఆమే.

నిన్న సోమవారం మధ్యాహ్నం ముట్టుకున్నదీ ఆమే.

ఆ గదిలో ఒక పెద్ద మెషీను ఉంది. పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, దానిలో పన్నెండు చిన్న మెషీన్లు కాపురం ఉంటాయి. అవి విడిగా కంటికి కనపడవు కానీ ఒక్కోదాని పని ఒక్కోదానిది. ఒకటి గేట్లకి, ఒకటి సరుకులకి, ఒకటి జీతాలకి. ఆ వాటాలు పంచిపెట్టే సాఫ్ట్‌వేరుకి కొత్త అప్‌డేట్ వచ్చింది. మామూలుగా అయితే ఓడ వెళ్ళిపోయాక మంగళవారం సాయంత్రం చెయ్యాలి. మంగళవారం ఆఫీసుకి వస్తే అక్కని సాగనంపేదెలా? సోమవారమే చేసేస్తే సెలవు దొరుకుతుంది. చేసింది. అన్నీ బాగానే నడిచాయి. కేబుల్ బాబాయ్ కాగితం వైపు చూసి దగ్గితే, "ఏం కాదులే బాబాయ్," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కాకపోతే పొద్దున ఆరింటికి పన్నెండు మెషీన్లూ వాటంతటవి ఒకసారి ఆగి మళ్ళీ లేస్తాయి. అప్‌డేట్ తెచ్చిన మార్పు పూర్తిగా అమలయ్యేది అప్పుడే. అది ఆమెకి తెలియక కాదు. తెలిసి, అక్క సంచీలో ఏమేం పెట్టాలా అన్న ధ్యాసలో మరిచిపోయింది.

వెళ్ళేసరికి గదిలో దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఎర్రగా ఉంటే ఏదో తెగిందని తెలుస్తుంది. పచ్చదీపం వెలుగుతూ మాట మాత్రం అవతలికి పోకపోతే ఎక్కడని వెతకాలి?

"తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాను," అన్నాడు కేబుల్ బాబాయ్. "నా తీగల్లో లోపం లేదు."

"తీగల్లో కాదు బాబాయ్. ప్రతి మెషీనుకీ బయటితో మాట్లాడ్డానికి ఒక నెట్‌వర్క్ కార్డు ఉంటుంది. దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాముని డ్రైవరంటారు. రాత్రికి రాత్రి కొత్త డ్రైవరొచ్చి కూర్చుంది."

"డ్రైవర్ని మార్చారు, బండి ఆగింది. దీనికింత చదువెందుకు?"

ఇంకో రోజైతే పగలబడి నవ్వేది. ఇవాళ పళ్ళు బిగించి డ్రైవర్ని తీసేసింది, పాతదాన్ని ఎక్కించింది, మెషీన్ని ఆపి లేపింది. గేటు మెషీనుకి తన పాత చిరునామా తిరిగి ఇవ్వబోతే, 'ఈ చిరునామా ఇప్పటికే వాడుకలో ఉంది' అంది. ఎవరి వాడుకలో? గదిలో ఇంకెవరూ లేరు. మళ్ళీ తీసేసింది, మళ్ళీ ఎక్కించింది. అదే మాట. అప్‌డేట్‌కి ముందు తీసిన నకళ్ళు ఉన్నాయి కదా, వాటిని తెచ్చి పెట్టేద్దామంటే, ఆ నకళ్ళు దాచిన మెషీను కూడా అదే ఇంట్లో ఒక వాటాదారు. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది.

కిటికీలోంచి కింద షెడ్డు కనపడుతోంది. నూట ఎనభై రెండు మంది డాక్టర్లూ నర్సులూ ఓడ పనివాళ్ళూ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. ఎవరెవరు ఎక్కారో గేటు మెషీను జాబితా ఇస్తే తప్ప ఓడకి సెలవు దొరకదు. పదకొండు దాటింది. ఓడ కదలలేదు. వాళ్ళలో అక్క ఎక్కడుందో సర్వరమ్మ కళ్ళు వెతకలేదు. వెతికితే చేతులు ఆగిపోతాయని.

*

పన్నెండున్నరకి ఆఫీసరు వచ్చాడు. తలుపు మీది కాగితాన్ని చదువుకుంటూ వచ్చాడు, అదేదో ఇవాళే కొత్తగా అంటించినట్టు.

"ఇది మీరు రాసిందే కదమ్మా?"

"అవును సార్."

"నిన్న మధ్యాహ్నం అప్‌డేట్ చేసింది ఎవరు?"

కేబుల్ బాబాయ్ నేల మీద తీగముక్క కోసం వెతుకుతున్నట్టు వంగాడు. ఆమె ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు.

"నేనే సార్. ఇవాళ సెలవు కావాలని ఒకరోజు ముందుకి జరిపాను."

"సెలవెందుకు?"

"మా అక్క ఈ ఓడలోనే వెళ్తోంది. సాగనంపుదామని."

ఆఫీసరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. పొద్దుట్నుంచీ ఓడ కెప్టెన్ చేత మాటలు పడి ఉన్నాడు.

"కింద ఏమనుకుంటున్నారో తెలుసా మీకు? మీ అక్క వెళ్ళడం మీకిష్టం లేదట. నెలరోజుల్నించి కనపడ్డవాళ్ళందరి దగ్గరా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఓడని ఆపడానికి మీరే ఇలా చేశారని క్యాంటీన్‌లో కూడా చెప్పుకుంటున్నారు."

"సార్!"

"నేనన్లేదమ్మా. అనుకుంటున్నారు అంటున్నాను. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా పాడవని గేట్లు, సరిగ్గా ఇవాళే, సరిగ్గా మీ అక్క వెళ్ళేరోజే..."

ఆమె చెవులు వేడెక్కాయి. దొంగతనం అంటగట్టినా అంత నొచ్చుకునేది కాదేమో. ఈ గదిలో ఆమె చేసిన పనిని ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇంట్లో ఎన్ని బెంగలున్నా చెప్పులతోబాటు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చేది. అందులోనూ, నిజం కాని మాటలో ఎక్కడో ఒక మూల నిజం ఉంటే అది మరీ మంట పెడుతుంది. అక్క వెళ్ళకపోతే బాగుండునని ఆమె కోరుకోలేదా? కోరుకుంది. పొద్దున మడతల దగ్గర కూడా కోరుకుంది.

"నేనే పాడుచేశాను సార్. కావాలని కాదు. బాగుచేసేదీ నేనే. బాగైన మరుక్షణం మీకు చెప్తాను. ఒక్క నిమిషం కూడా నా దగ్గర ఆగదు."

ఆ ఆఖరి వాక్యం అనకపోతే ఈ కథ వేరేలా ఉండేది.

*

ఒకటిన్నరకి అద్దాల తలుపు మీద ఎవరో వేలితో కొట్టారు. చూస్తే అక్క. తెల్ల యూనిఫారం, చెంపలు ఎర్రగా. సర్వరమ్మ తలుపు తీసి బయటికొచ్చింది.

"ఏమైనా తిన్నావా?" అంది అక్క ముందుగా.

"నువ్వు తిన్నావా?"

"నన్నడక్కు. ఇది విను." అక్క ఆమె మోచెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. "పిట్ట ఫోన్ చేసిందే."

"ఏమంది?"

"గేట్లు పాడై ఓడ ఆలస్యమవుతుందని పొద్దున వార్తల్లో విందట. ఉన్న పళంగా ఎనిమిదిన్నర బస్సెక్కేసింది. దారిలో ఎక్కడో బస్సు ఆపితే అక్కణ్ణించి చేసింది. 'అమ్మా, నేనొచ్చేదాకా ఎక్కకు,' అంది. అమ్మా అంది, విన్నావా? ఏడాదయిందే ఆ మాట విని." అక్క నవ్వుతోంది, ముక్కు తుడుచుకుంటోంది. "మూడున్నరకి దిగుతుంది."

చెల్లెలికి గుండె నిండిపోయింది. మరుక్షణం జారిపోయింది.

"అక్కా, ఈలోపల ఇది బాగైపోతే?"

"అదే చెప్పడానికొచ్చాను." అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకు నేనెప్పుడైనా చెయ్యకూడని పని చెయ్యమని చెప్పానా?"

"లేదు."

"ఇవాళ చెప్తున్నా. ఈ ఒక్కసారికి. నాలుగింటిదాకా దాన్ని బాగుచెయ్యకు. లేకపోతే బాగైనా కాలేదను. నీ పని నీకు తప్ప ఎవరికర్థమవుతుంది?"

"నేను కావాలనే ఆపానని అనుకుంటున్నారక్కా అందరూ."

"అనుకోనీ. ఎన్నాళ్ళనుకుంటారు?"

"నీకేం, నువ్వు వెళ్ళిపోతావు. ఈ గదిలో కూర్చోవాల్సింది నేను."

అనేశాక నాలుక కరుచుకుంది. అక్క చెల్లెలి జుట్టు చెవి వెనక్కి దోపింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు కూడా ఆ చెయ్యే దోపేది. తల్లి పోయాక ఆమెని పెంచింది అక్కే.

"ఆ రోజు ఆ బాలింత మంచం వదిలి రాలేకపోయాను," అంది అక్క. "ఎందుకు రాలేకపోయానో పిట్టకి ఒక్కసారి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోనులో చెప్పే మాట కాదు. అరగంట చాలు నాకు."

"చూస్తానక్కా."

మన ఇళ్ళలో 'చూస్తాను' అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పరు. అక్క దాన్ని సరే అనుకుని మెట్లు దిగింది.

*

రెండుంపావుకి దొరికింది.

దొరకాలని వెతకలేదు. ఒట్టేసి చెప్పగలదు. తెర మీద ఉన్న పేరు చూస్తూ ఊరికే కూర్చుని ఉంది. నెట్‌వర్క్ కార్డు అని రాసి, పక్కన నాలుగు అన్న అంకె. పొద్దుట్నుంచీ ముప్పైసార్లు చూసిన అంకె. ఇప్పుడెందుకో గుచ్చుకుంది.

"బాబాయ్, ఇది నాలుగోదైతే మొదటి మూడూ ఏవి?"

"నన్నడుగుతావేం? తీసేసింది నువ్వేగా."

తీసేశాననే అనుకుంది. దాచిపెట్టినవాటిని కూడా చూపించమని మెషీన్ని అడిగింది. అప్పుడు బయటపడ్డాయి, వెలిసిపోయిన రంగులో, ఒకదాని కింద ఒకటి మూడు కార్డులు. అప్‌డేట్ తర్వాత మెషీను తన కార్డుని గుర్తుపట్టక కొత్తదనుకుంది. పాతది పోలేదు, కనపడకుండా కూర్చుంది. చిరునామా దాని పేరు మీదే ఉంది. ఆమె డ్రైవర్ని తీసి ఎక్కించిన ప్రతిసారీ ఇంకో కార్డు పుట్టింది, ఇంకోటి మరుగున పడింది. లేని మనిషి పేరు మీద ఇల్లుంటే ఉన్నవాడికెవరిస్తారు?

ముందుగా జీతాల మెషీన్లో ప్రయత్నించింది. దాగినవాటిని తుడిచేసింది, చిరునామా కొత్త కార్డుకిచ్చింది. మాట్లాడింది. సరుకుల మెషీను. మాట్లాడింది. వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. చేతికి అలవాటైన పని దొరికితే మనసుని ఎవరడుగుతారు? రెండూ నలభైకి పదకొండు మెషీన్లు లేచాయి. మిగిలింది ఒకటి. గేట్లది.

అక్కడ ఆగింది. దాగిన కార్డులు తుడిచేసింది. చిరునామా రాసింది. ఒక్క మీట నొక్కాలి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకా ఎనభై నిమిషాలు ఇలాగే కూర్చోవాలి. కూర్చోగలదు. ఎవరికి తెలుస్తుంది?

"మొహం అలా పెట్టావేం?" అన్నాడు కేబుల్ బాబాయ్.

తలుపు తెరుచుకుంది. ఆఫీసరు, వెనకే ఓడ కెప్టెన్.

"అమ్మా, ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు ఆఫీసరు. "మూడుంపావు దాటితే నీళ్ళు తగ్గిపోతాయట. ఇంత పెద్ద ఓడ రేవు దాటలేదు. ఇక రేపే."

"రేపు పొద్దున అవతలి రేవులో పదహారు ఆపరేషన్లు పెట్టాం," అన్నాడు కెప్టెన్. "వాళ్ళంతా ఇప్పటికే వచ్చి పడుకుని ఉన్నారు."

న్యాయంగా చెప్పాలంటే ఆ పదహారు మందిని తలుచుకునే ఆమె ఆ పని చేసిందని రాయాలి. తర్వాత రోజుల్లో ఆమె చాలామందికి అలాగే చెప్పింది. కానీ ఆ నిమిషాన ఆమె కంటికి ఆ పదహారు మంది కనపడలేదు. ఆఫీసరు కళ్ళు కనపడ్డాయి. అవి తెర వైపు చూడటం లేదు. ఒళ్ళో ఖాళీగా ఉన్న ఆమె చేతుల వైపు చూస్తున్నాయి.

"అవలేదా ఇంకా?" అన్నాడు మెల్లిగా. "లేక..."

ఆ 'లేక' ఆమె భరించలేకపోయింది.

"అయింది సార్," అంది. మీట నొక్కింది.

కింద గేట్ల దగ్గర నాలుగు దీపాలు ఒకేసారి వెలిగాయి. షెడ్డులో జనం లేచి కేకలేసి చప్పట్లు కొట్టారు. కెప్టెన్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇంత త్వరగా అవుతుందనుకోలేదమ్మా," అన్నాడు ఆఫీసరు, ఈసారి నిజంగానే.

ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వరస కదులుతోంది. అక్క వరసలోంచి పక్కకి తప్పుకుని వెనకవాళ్ళని ముందుకి పంపుతోంది. ఒకర్ని, ఇద్దర్ని, పదిమందిని. చివరికి ఆమె వెనక ఎవరూ మిగల్లేదు. గేటు దగ్గరి మనిషి చెయ్యి ఊపి పిలిచాడు. అక్క తలెత్తి మేడ మీది కిటికీల వైపు చూసింది. ఏ కిటికీయో తెలియక అన్నిటినీ చూసింది. సర్వరమ్మ చెయ్యెత్తలేదు. కార్డు పెట్టగానే గేటు పలికింది. అక్క లోపలికి వెళ్ళింది.

*

బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పిట్ట చేతిసంచీ కూడా సరిగ్గా పట్టుకోకుండా రేవు దాకా పరుగెత్తుకొచ్చింది. ఖాళీ షెడ్డులో పిన్ని ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది.

"అమ్మేది పిన్నీ?"

సముద్రం వైపు చూపించింది. ఓడ ఇంకా కనపడుతోంది, అగ్గిపెట్టెంత.

"పాడైంది అన్నారుగా! నాలుగింటిదాకా కదలదు, పిన్ని చూసుకుంటుంది, నువ్వు నింపాదిగా రా అని అమ్మే మళ్ళీ ఫోన్ చేసి చెప్పింది నాకు!" పిల్ల ఊపిరి అందక బల్ల అంచు పట్టుకుంది. "ఎవరు బాగుచేశారు? పిన్నీ, నిన్నే. ఎవరు బాగుచేశారు దాన్ని?"

"నేనే," అంది సర్వరమ్మ.

పిట్ట చేతిసంచీ భుజాన వేసుకుంది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి నడిచింది. పిలిచినా తిరిగి చూడలేదు.

ఓడ ఆ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి బయల్దేరింది. పద్నాలుగు నెలలకి, చెప్పిన వారంలోనే, అదే రేవుకి క్షేమంగా తిరిగొచ్చింది. ఎక్కింది నూట ఎనభై రెండు మంది. దిగింది నూట ఎనభై ఒక్కరు. తిరిగి రానిది అక్క ఒక్కతే.